ఆమె పేరు ఎవరికీ తెలియదు

ముందున్న కారు టెయిల్ లైట్లు ఉన్నట్టుండి ఆరిపోతాయి.

నీరజ బ్రేక్ మీద కాలేస్తుంది. కారు మంచు మీద జారి, అడ్డంగా తిరిగి, ఆగుతుంది.

సాయంత్రం ఆరున్నర. కెనడాలోని రెజైనా సిటీ దాటి నలభై నిమిషాలైంది. జనవరి చీకటి అప్పుడే కమ్మేసింది. బయట మైనస్ ముప్పై ఒకటి.

ఎక్కడ... ఎక్కడికెళ్ళారాయన?

అదిగో. గడ్డకట్టిన సరస్సు మీద టార్చి వెలుగొకటి కదులుతోంది.

సీతారామారావు అంకుల్!

డెబ్బై ఏళ్ళ మనిషి. కెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా రిటైరై నీరజ పనిచేసే మ్యూజియం ల్యాబ్‌లో వాలంటీర్‌గా చేరినాయన. పాత రంగుల్ని ఎలా పరీక్షించాలో ఆమెకు నేర్పింది ఆయనే. వీసా రాక నాన్న పెళ్ళికి రాలేకపోతే, కన్యాదానం చేసిందీ ఆయనే.

ఇప్పుడాయన దొంగ.

పొద్దున లాకర్ తెరిస్తే పెట్టె ఖాళీ.

రెండు అరచేతులంత చెక్కపలక. దాని మీద ఐదువందల ఏళ్ళ కిందట ఇటలీలో ఎవరో గీసిన స్త్రీ. గీసిందెవరో తెలియదు. ఆమె ఎవరో తెలియదు. ఎనిమిది నెలలుగా నీరజ ఆ ముఖం మీది మురికిని దూదిపుల్లలతో తుడుస్తోంది. పోయిన నెల పెదవి కింద చిన్న పుట్టుమచ్చ బయటపడితే ఒక్కతే కూర్చుని ఏడ్చింది.

నిన్న ఆదివారం సాయంత్రం లాకర్ తెరిచిన కార్డు నీరజదే. ఆ సమయానికి ఆమె ఇంట్లో జ్వరంతో పడుకుని ఉంది.

"ఇవాళొక్కరోజు ఎవరికీ చెప్పకమ్మా. ఇంటికెళ్ళిపో," అన్నారు అంకుల్. ఆమె కళ్ళలోకి చూడలేదు.

అప్పుడే అనుమానం వచ్చింది. సాయంత్రం ఆయన కారు వెనకాలే బయల్దేరింది.

ఫోన్ తీస్తుంది.

"అభీ, లొకేషన్ పంపాను చూడు. అంకుల్‌ని ఫాలో అవుతూ వచ్చా. భయంగా ఉంది."



"పోలీసులకి కాల్ చెయ్యకు నీరూ. పది నిమిషాల్లో వస్తా." భర్త అభిరామ్ గొంతు.

ఆమె ఆగదు. సరస్సు మీదికి పరుగెడుతుంది. బూట్ల కింద మంచు కరకరలాడుతోంది. ఊపిరి గొంతులోనే గడ్డకడుతోంది.

చేపలు పట్టేవాళ్ళ చెక్కగుడిసె. తలుపు లాగుతుంది.

లోపల లాంతరు. నేలలో గాలం వేయడానికి మంచును కోసి చేసిన కన్నం. అందులో నల్లటి నీళ్ళు. ఆయన బల్ల కింద నుంచి గుడ్డలో చుట్టిన పలక తీస్తున్నారు.

"అంకుల్... మీరా?"

ఆయన ముఖం పాలిపోతుంది. "నువ్వెందుకొచ్చావమ్మా?"

"మీరే తీశారా?"

"నేనే." వెంటనే అంటారాయన. మరీ వెంటనే. "వెళ్ళిపో. రేపు పొద్దుటికల్లా లాకర్లో ఉంటుంది. ఏమీ అడక్కు."

బయట ట్రక్ చప్పుడు. కిటికీ మీద హెడ్‌లైట్లు.

"అభి వచ్చాడు," అంటుంది నీరజ. ప్రాణం లేచి వచ్చినట్టుంది.

"అతన్ని పిలిచావా? ఎంతసేపైంది?"

"పది నిమిషాలు."

"సిటీ నుంచి నలభై నిమిషాలు పట్టింది కదమ్మా మనకి."

నీరజ కిటికీ వైపు తిరుగుతుంది.

"ఈ గుడిసె అతనిదే. పోయినేడు నన్ను చేపలకని తీసుకొచ్చాడు. నిన్నటి కెమెరాలో చూశాను... నీ కార్డుతో లోపలికొచ్చాడు. తీసింది అతనేనని నీకు తెలిసేలోపు తిరిగి పెట్టేద్దామనుకున్నా."

తలుపు తెరుచుకుంటుంది.

అభిరామ్. చేతిలో తుపాకీ.

"ఇలా ఇచ్చెయ్యండి అంకుల్. కొనేవాళ్ళు దారిలో ఉన్నారు."

నీరజ పలకను లాక్కుంటుంది. గుడ్డ ఊడదీస్తుంది. కన్నం మీదుగా పట్టుకుంటుంది.

"తుపాకీ కింద పెట్టు."

"నీరూ, ప్లీజ్. నీకు తెలియకుండా అయిపోవాల్సింది."

"మనం మొదటిసారి కలిసింది దీని ముందే. గంటసేపు దీని గురించే అడిగావు." "పెళ్ళి కూడా దీనికోసమేనా అభీ?"

అతని చూపు పలక మీదే ఉంది.

మూడేళ్ళు. ఆమె లేచేలోపు కారు మీది మంచు గీకి ఉంచేవాడు. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. నిన్న కూడా మాత్ర వేసి దుప్పటి కప్పాడు.

ఆ తర్వాతే కార్డు తీసుకుని వెళ్ళాడు.

"నువ్వు దాన్ని వదలవు," అంటాడు అభిరామ్ నెమ్మదిగా. "నువ్వు వదల్లేవు. నాకు తెలుసు."

తుపాకీ సీతారామారావు ఛాతీ వైపు తిరుగుతుంది. "మూడు లెక్కపెడతా. ఒకటి..."

నీరజ ఆ ముఖం వంక చూస్తుంది. పెదవి కింద పుట్టుమచ్చ.

"రెండు..."

వదిలేస్తుంది.

అభిరామ్ అరుస్తూ మోకాళ్ళ మీద పడతాడు. భుజం దాకా చెయ్యి నీళ్ళలోకి దించుతాడు. చెక్క మునగదు, తేలుతుంది. కానీ అతని వేళ్ళు తగిలి పక్కకు జారుతుంది... మంచు పొర కిందికి వెళ్ళిపోతుంది.

అతను లేస్తాడు. తడిసిన స్లీవ్ అప్పుడే బిగుసుకుంటోంది. నీరజ వైపు ఒక్కసారి కూడా చూడడు.

"నీ వల్లే ముసలోడా."

తుపాకీ పేలుతుంది.

ట్రక్ వెళ్ళిపోతున్న చప్పుడు. నీరజ స్కార్ఫ్‌ను ఉండచుట్టి ఆయన ఛాతీ మీద అదుముతుంది. ఇంకో చేత్తో ఎమర్జెన్సీ నంబర్ 911 నొక్కుతుంది.

"నేనే తీశానని చెప్పు," అంటున్నారాయన. మాట మాటకీ ఊపిరి అందడం లేదు. "కార్డు నీది... నువ్వూ కలిసే చేశావంటారు. నాకింక పోయేదేముంది తల్లీ..."

"మాట్లాడకండి నాన్నా." ఆ పిలుపు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

ఫోన్‌లో ఆపరేటర్ ఇంగ్లీషులో అడుగుతోంది. "కాల్చిందెవరో మీకు తెలుసా?"

అరచేతి కింద ఆయన గుండె. నెమ్మదిగా... ఇంకా నెమ్మదిగా.

"తెలుసు. నా భర్త."

"పేరు స్పెల్లింగ్ చెప్పగలరా మేడమ్?"

నీరజ కళ్ళు మూసుకుంటుంది. ఒక్కో అక్షరమే చెప్పడం మొదలుపెడుతుంది.