ఉత్తరం తెచ్చినవాడు

పరుగు!

ఎండ నడినెత్తిన ఉంది. కాళ్ళ కింద యూకలిప్టస్ బెరడు పటపటా విరుగుతోంది. ఫెలిమ్ స్కలీ పరుగెడుతున్నాడు. చేతిలో గొర్రెలు తోలే కర్ర. వెనక, కొండవాలులో, కాపరి లేని నాలుగు వందల గొర్రెలు.

మందనొదిలి కదిలితే యాభై కొరడా దెబ్బలు. వాడికి తెలుసు.

పడితే పడనీ!

ముందు, చెట్ల సందులో, తెల్లగా ఏదో మెరిసింది.

చొక్కా!

కొత్త చొక్కా. పొద్దున హెస్కెత్ దొర స్వయంగా ఇచ్చిన చొక్కా. అది తొడుక్కుని పోతున్నవాడు జేబెజ్ థోర్న్. ఆ చొక్కా లోపల, గుండెకి ఆనుకుని, ఎర్ర లక్క సీలు వేసిన ఉత్తరం ఉంది.

ఆ ఉత్తరం ఫెలిమ్‌కి కావాలి.

ఇద్దరూ ఖైదీలే. ఫెలిమ్ ఐర్లండ్‌లో ఆవును దొంగిలించాడు. జేబెజ్ ఇంగ్లండ్‌లో మగ్గాలు విరగ్గొట్టాడు. సర్కారు ఇద్దర్నీ ఓడలో ఎక్కించి, సముద్రాల అవతల ఇంత దూరం తెచ్చి, పశువుల్ని పంచినట్టు హెస్కెత్ దొరకు పంచింది. జీతం లేదు. వారానికింత పిండి, ఇంత ఉప్పు మాంసం, చిటికెడు టీ ఆకు. మాట తేడా వస్తే కొరడా.

అయితే దొర తన ఖైదీని తన చేత్తో కొట్టకూడదు. అది చట్టం. భలే చట్టం! దొర ఒక ఉత్తరం రాసి, సీలు వేసి, ఆ ఖైదీ చేతికే ఇస్తాడు. ఖైదీ పన్నెండు మైళ్ళు నడిచి మేజిస్ట్రేటుకు ఇచ్చుకుంటాడు. అందులో ఏముందో వాడికి తెలీదు. చదువు రాదు. వచ్చినా, సీలు విరిగితే ఇంకో యాభై!

రెండేళ్ళ క్రితం ఫెలిమ్ కూడా మోశాడు. కొత్త బూట్ల కోసం రాశాడేమో అనుకుని, దారంతా ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

'ఉత్తరం తెచ్చినవాడికి యాభై దెబ్బలు.'

అంతే ఉంది అందులో! పేరు కూడా లేదు. హెస్కెత్ దొర పేర్లు రాయడు. గొర్రెలకు పేర్లుంటాయా?

కానీ ఈ ఉత్తరం అలాంటిది కాదు.

కొట్టించబోయేవాడికి కొత్త చొక్కా ఎవడిస్తాడు? గ్లాసు రమ్ము ఎవడు పోస్తాడు? పొద్దున కొట్టం దగ్గర నిలబడి ఫెలిమ్ కళ్ళారా చూశాడు. దొర జేబెజ్ భుజం తట్టాడు! "ఇవాళ్టితో నీ బతుకు మారిపోతుందిరా" అన్నాడు!

అంటే టికెట్.

సొంతంగా పని చేసుకుని, సొంతంగా తిని, దొర ముఖం చూడకుండా బతకమని సర్కారిచ్చే కాగితం. టికెట్ ఉంటే పెళ్ళికి కూడా అనుమతి దొరుకుతుంది.

పెళ్ళి...

ఫెలిమ్ పళ్ళు పటపటా కొరికాడు.

హొనోరా!

దొర వంటింట్లో పని చేసే ఖైదీ పిల్ల. మాట తీరు ఫెలిమ్ ఊరివైపుదే. నవ్వితే ఒక పక్క బుగ్గ సొట్ట పడుతుంది. ఆ సొట్ట కోసం ఫెలిమ్ మూడేళ్ళు రాత్రుళ్ళు మేలుకున్నాడు. జేబెజ్ వచ్చి నిండా ఏడాది కాలేదు. వాడి కోటుకు గుండీ కుట్టింది! వాడి టీలో చక్కెర వేసింది! దొరసాని లెక్కపెట్టుకునే చక్కెర!

తన టీలో ఏనాడైనా వేసిందా?

నెల రోజులుగా ఫెలిమ్ ఇద్దరితోనూ మాట్లాడటం లేదు. పొద్దున మంద తోలుకెళ్తుంటే వంటింటి గుమ్మంలోంచి ఆమె పిలిచింది.

"ఫెలిమ్! ఆగు, ఒక్క మాట చెప్పాలి."

"నీ జేబెజ్‌కి చెప్పుకో!"

"ఒరే మొద్దు మొహమా, వాడి గురించేరా! వాడు ఇవాళ..."

ఫెలిమ్ నేల మీద ఉమ్మేశాడు. వెనక్కి చూడలేదు.

ఏం చెబుతుంది? వాడికి టికెట్ వస్తోంది, మేం పెళ్ళి చేసుకుంటున్నాం, నీ దీవెనలు కావాలి అంటుంది. అంతేగా!

...

తెల్ల చొక్కా ఎడమకి తిరిగింది.

ఫెలిమ్ ఒక్క క్షణం ఆగాడు. కోర్టుకు దారి కుడివైపు. వీడు వాగు వైపు ఎందుకు పోతున్నాడు?

పొదల్లో వంగి, పాకుతూ వెళ్ళాడు.

వాగు ఒడ్డున బండ మీద కూర్చున్నాడు జేబెజ్. అటూ ఇటూ చూస్తున్నాడు. ఎవరి కోసమో!

ఫెలిమ్ ఒళ్ళు మండింది. ఇది తన చోటు! రోజూ మధ్యాహ్నం తను గొర్రెలకు నీళ్ళు పట్టే చోటు! వీళ్ళకి ఇదే దొరికిందా?

జేబెజ్ మూట విప్పాడు. నిప్పుల్లో కాల్చిన రొట్టెలు... రెండు. కాస్త మాంసం. పొట్లంలో చక్కెర. రేకు కప్పులు...

రెండు!

రెండో కప్పు ఎవరికి?

ఇంకెవరికి! వస్తోంది! దొరసాని కళ్ళుగప్పి వస్తోంది! ఇద్దరూ చేతులు పట్టుకుని కోర్టుకెళ్తారు!

ఫెలిమ్ లేచాడు.

"ఒరే జేబెజ్!"

జేబెజ్ ఉలిక్కిపడి తిరిగాడు. ముఖం విప్పారింది. నవ్వాడు!

"వచ్చావా! నీ కోసమే రా..."

ఠప్!

కర్ర భుజం మీద పడింది. జేబెజ్ బండ మీంచి కింద పడ్డాడు.

"పిచ్చి పట్టిందా నీకు? ఆగు! చెప్పేది విను!"

"ఉత్తరం ఇలా తే!"

"అదా? అది నీకెందుకురా? అది మంచిది కాదు. దాన్ని నీళ్ళలో పడేద్దామనే..."

"నీళ్ళలోనా!" ఫెలిమ్ పగలబడి నవ్వాడు. "ఏడేళ్ళు ఊడిగం చేశాను! నాకు టికెట్ లేదు! నిన్నగాక మొన్న వచ్చినవాడివి, నీకొస్తే నీళ్ళలో పడేస్తావా? ఎవడి చెవిలో పువ్వులు పెడుతున్నావ్?"

"టికెట్టా? ఒరే, అందులో ఏముందో నీకు తెలీదు. హొనోరా దొర భోజనాల దగ్గర విని నాకు..."

ఆ పేరు!

వాడి నోట్లో ఆ పేరు!

కర్ర రెండోసారి లేచింది. ఈసారి భుజం మీద పడలేదు.

జేబెజ్ ఇక మాట్లాడలేదు.

ఫెలిమ్ వంగి ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. ఊపిరి ఉంది. చాలు. ఉత్తరం లాగాడు. సీలు చెక్కుచెదరలేదు. తర్వాత... చొక్కా కూడా విప్పేశాడు. అది ఎందుకో వాడికే తెలీదు. తొడుక్కున్నాడు. సరిగ్గా సరిపోయింది.

తన కోసమే కుట్టినట్టు!

...

ఎనిమిది మైళ్ళు.

దారిలో గుర్రపు పోలీసులు ఇద్దరు ఎదురయ్యారు. సార్జెంటు కళ్ళెం బిగించాడు.

"కాగితం?"

ఫెలిమ్ సీలు చూపించాడు. తెల్ల చొక్కా, ఎర్ర సీలు. సార్జెంటు చాలనట్టు చెయ్యూపాడు.

"వాగు వైపు ఎవరైనా కనపడ్డారా?"

లేదు అనొచ్చు. తల అడ్డంగా ఊపితే చాలు.

"ఒకడు పడున్నాడు దొరా. మూట ఉంది. పారిపోయేవాడిలా ఉన్నాడు."

గుర్రాలు దుమ్ము లేపుకుంటూ పోయాయి.

అన్నాను! అనేశాను!

మంచిదే అయింది. ఇప్పుడు రమ్మను హొనోరాని, వాగు దగ్గరికి! ఖాళీ బండని చూసుకోమను!

...

కోర్టంటే ఒకే గది. బల్ల వెనక మేజిస్ట్రేటు. కొత్తవాడు, వచ్చి పది రోజులు. పక్కన జలుబుతో చీదుకుంటున్న గుమాస్తా. కిటికీలోంచి పెరట్లో కొరడా దెబ్బల చట్రం కనిపిస్తోంది. మూడు దూలాలు, పైన ముడి.

ఫెలిమ్ దాని వంక చూడలేదు.

"ఎవరి మనిషివి?"

"హెస్కెత్ దొర మనిషినయ్యా. ఉత్తరం తెచ్చాను."

గుమాస్తా సీలు విరిచాడు.

టప్!

ఫెలిమ్ ముందుకు వంగాడు.

"ఉత్తరం తెచ్చినవాడు..." గుమాస్తా ముక్కు తుడుచుకున్నాడు. "...కండబలం ఉన్నవాడు. చెప్పిన మాట వింటాడు. తమ ముందుకు వస్తున్నాడని కొత్త చొక్కా తొడిగించాను..."

ఫెలిమ్ ఛాతీ విరిచాడు. అవును, నేనే! చదువు! త్వరగా చదువు!

"...తమ దగ్గర కొరడా కొట్టేవాడు చనిపోయాడని విన్నాను. ఆ పనికి ఇతన్ని ఇచ్చివేస్తున్నాను. ఆరు నెలలు నమ్మకంగా కొడితే టికెట్టూ, పెళ్ళికి అనుమతీ ఇప్పించగలరు."



గోడ వారన వరసలో నిలబడ్డ ఖైదీల్లో ఒక ముసలివాడు నెమ్మదిగా ఉమ్మేశాడు. సరిగ్గా ఫెలిమ్ బూటు మీద.

కొరడావాడు!

ఏ ఖైదీ పక్కన కూర్చుని తినడు. ఏ ఖైదీ వాడికి నిప్పివ్వడు. సాటివాడి వీపు చీల్చి బతికే కుక్క!

దాన్ని నీళ్ళలో పడేద్దామనే...

అది జేబెజ్ అన్న మాట! కుడివైపు దారి వదిలి వాగు వైపు వెళ్ళాడు... మూట కట్టుకున్నాడు... వాడు కోర్టుకు రావటం లేదు! పారిపోతున్నాడు! దీన్నుంచే పారిపోతున్నాడు!

"చొక్కా విప్పు. వెనక్కి తిరుగు." మేజిస్ట్రేటు కళ్ళద్దాలు సవరించుకుని వాడి వీపు చూశాడు. నవ్వాడు. "బాగుంది. రుచి తెలిసినవాడే బాగా వడ్డిస్తాడు."

"అయ్యా... నేను..."

"ఏం, ఇష్టం లేదా? కాదన్నవాడికి వంద. ఆ తర్వాత గొలుసు వేసుకుని రోడ్డు పని. చెప్పు."

వంద!

ఫెలిమ్ వీపు తనంతట తనే ముడుచుకుంది.

"...చేస్తానయ్యా." ఫెలిమ్ చొక్కా మళ్ళీ తొడుక్కున్నాడు.

బయట గుర్రాల డెక్కల చప్పుడు.

తలుపు దడాలున తెరుచుకుంది. సార్జెంటు ఒకణ్ణి లోపలికి తోశాడు. చొక్కా లేదు. జుట్టులో గడ్డకట్టిన నెత్తురు.

జేబెజ్!

వాడి కళ్ళు గదంతా తిరిగి, తెల్ల చొక్కా దగ్గర ఆగాయి.

అయిపోయింది! ఒక్క మాట చాలు! వీడు నన్ను కొట్టి ఉత్తరం లాక్కున్నాడని అంటే చాలు!

"ఎవరి మనిషివి?"

జేబెజ్ చూపు నేలకి దించాడు.

"కాగితం ఏది?"

"లేదు."

"తలకి ఏమైంది?"

"చెట్టు మీంచి పడ్డాను. పిట్టగూడు చూద్దామని ఎక్కాను."

వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

ఫెలిమ్ కళ్ళప్పగించి చూస్తున్నాడు. చెప్పడేం? చెబితే కొరడా పని వాడిదే అవుతుందనా? లేక... నన్ను కాపాడుతున్నాడా?

మళ్ళీ అదే మంట! ఇక్కడ కూడా వీడే మంచివాడు! ఇక్కడ కూడా వీడిదే పైచేయి!

"పారిపోయినవాడు. ఊరూ పేరూ చెప్పడు. యాభై. ఇప్పుడే." మేజిస్ట్రేటు గడియారం తీశాడు. "కొత్తవాడి చెయ్యి కూడా చూద్దాం."

...

పెరడు.

పొద్దు వాలుతోంది. జేబెజ్ చేతులు చట్రం పైముడికి కట్టారు. వరసలోని ఖైదీలందర్నీ చూడమని నిలబెట్టారు. తొమ్మిది పేటల కొరడా ఫెలిమ్ చేతిలో ఉంది. పిడి నున్నగా ఉంది. చచ్చినవాడి చేతి చెమటకి అరిగిన నునుపు.

కొట్టను.

విసిరేస్తాను. వంద తింటాను. చస్తే చస్తాను!

వాడు తలెత్తాడు.

జేబెజ్ వీపు.

తెల్లగా ఉంది. నున్నగా ఉంది. ఒక్క చార లేదు, ఒక్క మచ్చ లేదు! ఈ దేశంలో ఏడాదిపాటు ఖైదీగా బతికినవాడికి అలాంటి వీపా? ఫెలిమ్ వీపు ఎండి పగిలిన చెరువులా ఉంటుంది. ఒకసారి బావి దగ్గర దాన్ని చూసి హొనోరా కళ్ళు తిప్పేసుకుంది.

దీన్ని చూస్తే తిప్పుకుంటుందా?

దీని మీద చెయ్యి వేసే ఉంటుంది. ఇక్కడ... ఈ ఎముక కింద...

"కానీ!" మేజిస్ట్రేటు గొంతు.

చెయ్యి లేచింది.

నేను లేపలేదు! అదే లేచింది!

ఛళ్ళ్!

పిస్తోలు పేలినట్టు మోగింది. చెట్ల మీంచి తెల్ల చిలకలు గుంపుగా అరుస్తూ లేచాయి. నున్నటి వీపు మీద తొమ్మిది ఎర్ర గీతలు!

"ఒకటి!" గుమాస్తా అరిచాడు.

ఫెలిమ్ దగ్గరికి నడిచాడు. పేటలు చిక్కు తీసుకోవడానికి. అంతే.

చట్రానికి నుదురు ఆనించి, పళ్ళ బిగువున జేబెజ్ గొణిగాడు.

"ఫెలిమ్... ఆ రెండో కప్పు..."

"నోర్ముయ్!"

"...నీదేరా."

కొరడా పేటలు ఫెలిమ్ వేళ్ళ మధ్య ఆగిపోయాయి.

"కొండ దాటే దారి గొర్రెలు తోలేవాడివి నీకొక్కడికే తెలుసంది హొనోరా. నువ్వు లేకుండా కదలొద్దని ఒట్టేయించుకుంది. మధ్యాహ్నం నువ్వు నీళ్ళకొస్తావని... నీ కోసమే కూర్చున్నాను. చక్కెర పొట్లం ఇస్తూ... ఇది ఫెలిమ్‌కి, నువ్వు ముట్టుకోకు అంది."

చిలకలు ఇంకా అరుస్తున్నాయి.

ఫెలిమ్ ఒంటి మీద తెల్ల చొక్కా. మూడు నాలుగు చోట్ల, సన్నగా, ఎర్రటి తుంపర.

మేజిస్ట్రేటు గడియారం మూత టక్కున మూశాడు.

"ఆగావేం? ఇంకా నలభై తొమ్మిది ఉన్నాయి."