మాడిన జొన్నరొట్టె

అరవై తొమ్మిది జూన్. తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడి నెలలైంది. మబ్బు పట్టడమే గాని వాన కురవక, దిల్‌సుఖ్‌నగర్ అంతా నిద్రలో నడుస్తున్నట్టుండేది. అలాంటి ఒక మధ్యాహ్నం డిటెక్టివ్ దేవానందం గదిలోకి అరుణమ్మ వచ్చింది.

"మా పట్టాభికి ఎనిమిదేళ్లండీ. పది రోజులుగా ఏ వాసనా తెలియడం లేదు. ఇంటి ఓనరు లచ్చయ్య మాకు పోసే పాలల్లో ఏదో కలుపుతున్నాడు. మాది గుంటూరు. గొడవలు మొదలైనప్పట్నుంచీ ఆయనకీ మాకూ మాటల్లేవు. మావారు సాయంత్రం పోలీసులకు కాగితం ఇచ్చేస్తారట."

"బాబుకు జ్వరమేమన్న ఒచ్చిందా అమ్మా?"

"వచ్చి తగ్గింది. ఫ్లూ అన్నారు గాని, వాడు గడప దాటడు, మా ఇద్దరికీ రాలేదు. ఎలా అంటుకుంటుంది? ఆ పాలు తాగేది వాడొక్కడే."

అసిస్టెంటు తీతు ఇదంతా పుస్తకంలో రాసుకున్నాడు. గురువుగారు తుమ్మినా రాసుకునే రకం.

అరుణమ్మ ఇంటికి వెళ్లి, పట్టాభి కళ్లకు గంతలు కట్టి దేవానందం వాడి ముక్కు దగ్గర కాఫీపొడి పెట్టాడు. ఇంగువ పెట్టాడు.

"ఏం లేదండీ," అన్నాడు పిల్లాడు.

నాలుక మీద ఉప్పద్దిన మామిడిముక్క పెట్టగానే మాత్రం ఎగిరి గంతేశాడు. "పులుపు!"

"నాలుక కులాసాగనే ఉంది. ముక్కే అలిగింది," అంటూ దేవానందం వాడి చొక్కా అంచు ఎత్తి చూశాడు. దాని మీద గోధుమరంగు మామిడిజీడి మరకలు, పంటిగాట్లు ఉన్నాయి.

గోడ అవతల లచ్చయ్య సంగతి వినగానే మంచం మీంచి లేచి మండిపడ్డాడు.

"మాటల్లేకపోతే పసిపోరనికి మందు పెడ్తనా సార్? పోలీసులొస్తే నా ఇజ్జత్ ఏంగావాలె?"

"ఆ పాలు మీ ఇంట్ల ఎవరు తాగుతరు?"

"ఎవ్వరం తాగం. అన్నీ అమ్ముడే."

వాకిట్లో పొయ్యి ముందు ఆయన మనవరాలు సైదమ్మ రొట్టెకు కాపలా కూర్చుని మబ్బుల్ని చూస్తోంది. రొట్టె మాడి కంపు వీధిదాకా పోయినా ఆ పిల్ల తల తిప్పలేదు. తీతే పరుగెత్తి పెనం దించాడు.

"ఈ బిడ్డకు జ్వరమొచ్చెనా?" అడిగాడు దేవానందం.

"ఒచ్చింది సార్. కొత్తపేటల చుట్టాలింటికి పోయొచ్చినంక."

సాయంత్రం రెండు కుటుంబాలనూ గోడ దగ్గరికి పిలిచాడు. అరుణమ్మ భర్త విశ్వేశ్వరరావు చేతిలో ఫిర్యాదు కాగితం ఉంది.

"పాలు తాగని సైదమ్మకు గూడ వాసన తెల్వదు. ముందట రొట్టె మాడినా తల తిప్పలే. అంటే తప్పు పాలది కాదు," అన్నాడు దేవానందం. "దవాఖానల డాక్టరును అడిగొచ్చిన. ఈ ఫ్లూ కొందరు పిల్లల ముక్కు లోపలి పొరను దెబ్బతీస్తదట. ముక్కు కారుడు ఆగినా వాసన రాదు. చాలామందికి మెల్లగ తిరిగొస్తది. ఎప్పుడని ఎవరూ చెప్పలేరు."

"గడప దాటనివాడికి ఎలా వచ్చింది?" విశ్వేశ్వరరావు పట్టు వదల్లేదు.

"గడప దాటలే. గోడెక్కిండు." దేవానందం పట్టాభి చొక్కా అంచు పట్టి జీడి మరకలు, పంటిగాట్లు చూపించాడు. "పెద్దోళ్లు మాటలు బందు పెట్టిన్రు గాని, వీళ్లు ఒకటే మామిడికాయ పంచుకున్నరు."

పట్టాభికి ఏడుపొచ్చింది. "ఎంగిలి కాదు నాన్నా! చొక్కా కప్పి కొరికాం. కాకి ఎంగిలే!"

"కాకి ఎంగిలని జ్వరానికి తెల్వదు కదా బాబూ," అన్నాడు దేవానందం మెత్తగా.

విశ్వేశ్వరరావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. ఎండిన మట్టి ఒక్కసారిగా గుప్పుమంది, పెద్దవాళ్లంతా తెలియకుండానే కళ్లు మూసుకుని ఊపిరి పీల్చారు.

పిల్లలిద్దరూ వాళ్ల ముఖాలు వింతగా చూశారు. "ఏం వాసనమ్మా?" అన్నాడు పట్టాభి.

అరుణమ్మ వాణ్ణి దగ్గరికి తీసుకుంది.

"కొత్త కుండల నీళ్లు పోసినట్టుంటది బిడ్డా," అన్నాడు లచ్చయ్య.

అరుణమ్మ నెలల తర్వాత మొదటిసారి ఆయన వైపు తిరిగింది. "అవునండీ," అంది. "అచ్చం అలాగే ఉంటుంది."