రొయ్యపిల్లలు ఎక్కిన కారవాన్

"వెనక్కి తీయండి!"

"మీరే తీయండి. మీది చిన్న బండి."

"చిన్న బండే వెనక్కి పోవాలని యాడన్నా రాసుండాదా?"

ఉదయం ఎనిమిదిన్నర. కోటకు వెళ్లే పల్లెరోడ్డు మీద ముఖేష్ నడిపే కారవాన్, దానికి ఎదురుగా ఒక చిన్న ట్రాలీ, ఢీకొట్టుకోవడం ఒక్కటే తక్కువగా నిలబడి ఉన్నాయి. రోడ్డుకు ఒక పక్క పంటకాలువ. రెండో పక్క సగం రోడ్డు దాకా ఆరబోసిన వడ్లు. మిగిలిన దారిలో ఒక్క బండి పోవాలన్నా ఊపిరి బిగబట్టుకోవాల్సిందే.

ముఖేష్‌కి ట్రాఫిక్ అంటే ఒళ్లుమంట. చెన్నైలో ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర కారవాన్ డ్రైవరు. కారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు: మంచం, వంటగట్టు, బాత్రూము, ఏసీ అన్నీ అందులోనే. అంత పెద్ద బండితో మూడేళ్లలో ఏ జామ్‌లోనూ పది నిమిషాలకు మించి నిలబడలేదని అడిగిన వాళ్లకీ, అడగని వాళ్లకీ చెప్పుకుంటాడు. ఆ రోజు తెల్లవారుజామున శ్రీహరికోటలో రాకెట్ ఎగిరింది. అది చూసి తిరిగి వెళ్లే కార్లతో సూళ్లూరుపేట దగ్గర హైవే నిండిపోయింది. అక్కడే గంటన్నర పోయింది. ముందుకు కూడా మ్యాపులో ఎర్రగీతే కనిపించేసరికి, "సముద్రం పక్కగా పోదాం మేడమ్, చల్లగా ఉంటుంది" అంటూ బండి బాడుగకు తీసుకున్న మేడమ్‌కి చెప్పి నాయుడుపేట దగ్గర హైవే దిగాడు. ఇదిగో, ఇప్పుడు ఈ ట్రాలీ ముందు ఆగాడు.

ట్రాలీ నడుపుతున్న అమ్మాయి కిందికి దిగింది. చుడీదార్ మోకాళ్ల దాకా తడిసి ఉంది. చున్నీ నడుముకు చుట్టి ముడేసింది. కళ్లలో నిద్రలేదు, కోపం మాత్రం పుష్కలంగా ఉంది. కోపంలో ఉన్న మనిషిని తీరుబడిగా చూడకూడదని ముఖేష్‌కి తెలుసు. అయినా చూశాడు.

"నా వెనక చూడండి" అంది ఆమె.

చూశాడు. ట్రాలీ వెనక ఒక వరికోత మిషను, దాని వెనక రెండు ట్రాక్టర్లు వచ్చి ఆగాయి.

"ఇప్పుడు చెప్పండి, నేను వెనక్కి పోయేదెట్ట?"

"నేను మాత్రం ఎట్టా పోయేది? నాది ఇరవై నాలుగు అడుగుల బండి. వెనక కెమెరా కూడా పనిచెయ్యదు."

"మీరు టూరుకు పోతా ఉండారు. లేటైతే ఏమవుద్ది, కాఫీ చల్లారిపోద్ది. నా బండిలో ప్రాణాలుండాయి."

ట్రాలీ మీద కప్పిన తడి గోనెపట్టా ఎత్తి చూపించింది. నీళ్లు, ఆక్సిజన్ నింపి కట్టిన ప్లాస్టిక్ సంచులు, మొత్తం ముప్పై రెండు. ఒక్కో సంచిలో వేలకొద్దీ రొయ్యపిల్లలు, వెంట్రుక ముక్కల్లాగా అల్లాడుతున్నాయి. సంచుల మధ్య పెట్టిన ఐసు ఎప్పుడో కరిగిపోయింది.

"హ్యాచరీలో అర్ధరాత్రికి ఎక్కియ్యాల్సిన సీడు. మా వంతు వచ్చేతలికి నాలుగైంది. ఎండెక్కేలోగా మా రొయ్యల గుంటలో వదలకపోతే ఒక్కటి మిగల్దు" అంది. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో కోపం పోయింది. మిగిలింది భయమే.

కారవాన్ తలుపు తెరుచుకుని క్యాథరిన్ మేడమ్ తల బయట పెట్టారు. కావలి కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నలభయ్యో పెళ్లిరోజు కావలి దగ్గర సముద్రం ఒడ్డున గడపాలని భర్త మాథ్యూ గారితో బయల్దేరారు. ఆయన వెనక మంచం మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నారు.

"నీ పేరేంటమ్మా?"

"రోజా అండీ."

"ముఖేష్, బండి వెనక్కి తియ్యి."

"మేడమ్, పక్కకు తియ్యాలంటే కిలోమీటరు దూరం..."

"అంటే వెయ్యి మీటర్లే కదా."

అలా మొదలైంది. రోజా తన ట్రాలీని వెనక ట్రాక్టరు మీద వచ్చిన కూలీకి అప్పజెప్పి, కారవాన్ వెనక్కి వెళ్లి నిలబడింది. ముఖేష్ పక్క అద్దంలో ఆమె చెయ్యి మాత్రమే కనిపిస్తోంది.

"రానీ... రానీ... వడ్లు తొక్కబాకండి, అవి సామ్రాజ్యమ్మవ్వవి, మిమ్మల్ని కాలవలో ముంచుద్ది... రానీ... కొంచెం లెఫ్టు... ఆపు! మీ ఎడమ అంటే నా ఎడమ కాదు!"

"మరి ఎవరి ఎడమ?"

"నా చెయ్యి చూడండి, మొహం చూడబాకండి!"

ముఖేష్ నాలిక కరుచుకున్నాడు. ఆమె ఎప్పుడు పక్కకు జరిగిందో, అద్దంలో మొహం కనిపించడం మొదలైనప్పటి నుంచీ అతను చూస్తున్నది మొహాన్నే. చెవుల దాకా వేడెక్కింది.

కిలోమీటరు వెనక రోడ్డు పక్కన ఖాళీ కళ్లం ఉంది. ఇరవై నిమిషాలు పట్టింది అక్కడికి చేరడానికి. కోత మిషనూ, ట్రాక్టర్లూ దాటిపోయాయి. మిషను డ్రైవరు చేతులెత్తి దణ్ణం పెట్టి మరీ పోయాడు.

రోజా ట్రాలీలో ఒక సంచిని తాకి చూసింది. "వేడెక్కతా ఉండాయి. ఇంకా పన్నెండు కిలోమీటర్లు..."

ముఖేష్ క్యాథరిన్ మేడమ్ వైపు చూశాడు. రోజా దారి దక్షిణానికి, మేడమ్ వాళ్ల దారి ఉత్తరానికి. పొద్దున్నుంచీ వాళ్ల పెళ్లిరోజు రోడ్డు మీదే గడిచిపోతోంది.

"ఏసీ ఫుల్లుగా పెట్టు" అన్నారు మేడమ్. "సంచులు లోపలికి ఎక్కించండి. కావలి ఎక్కడికీ పారిపోదు."

మంచం మీద పద్నాలుగు, సోఫా మీద తొమ్మిది, మిగిలినవి నేల మీద సర్దారు. ట్రాలీ కళ్లంలోనే వదిలేశారు. చల్లదనానికి మాథ్యూ గారికి మెలకువ వచ్చింది. పక్కన తడితడిగా ఏదో తగిలి కళ్లు తెరిచారు.

"కేతీ, మన మంచం మీద ఎవరు పడుకున్నారు?"

"ఒక రెండు లక్షల మంది. కదలకండి."

రోజా ముందు సీట్లో కూర్చుని దారి చెప్పడం మొదలుపెట్టింది. "మెయిన్ రోడ్డు మీద పోవద్దు. ఈ టైముకు స్కూలు బస్సులు, ఐసు లారీలు అక్కడే ఇరుక్కుంటాయి. ఆ కాలవకట్ట మీదికి తిప్పండి."

"మ్యాపులో ఆ రోడ్డే లేదు."

"మ్యాపు ఈ ఊళ్లో పుట్టినాదా, నేను పుట్టినానా?"

తిప్పాడు. ఎదురుగా చిన్న వంతెన కనిపించింది. "ఇది నా బండిని మోస్తాదా?"

"వడ్ల లారీలను మోసింది, మీ మంచాన్ని మొయ్యదా? పోనీండి... ఆ స్తంభం దగ్గర నిదానం, తీగలు కిందికుంటాయి."

ఆమె చెప్పిన చోటల్లా తిప్పాడు. మూడేళ్లుగా ఎవరి మాటా వినకుండా బండి నడిపినవాడికి, ఈ అమ్మాయి "లెఫ్టు" అంటే చేతులు వాటంతటవే లెఫ్టుకు పోతున్నాయి. మధ్యలో ఆమే విషయం చెప్పింది. వాళ్ల నాయన చెంచయ్య సముద్రం మీద వేటకు పోయే మనిషి. రెండు పంటలు రొయ్య చచ్చిపోయాక విసిగిపోయాడు. 'ఇదే ఆఖరు. ఈసారి పోతే గుంట కౌలుకిచ్చేస్తా, నువ్వు చెన్నైకి పోయి ఏదో ఒక ఉద్యోగం చూసుకో' అన్నాడు. తను చదివింది రొయ్యల పెంపకం చదువే. తనకు వచ్చిందీ, నచ్చిందీ ఈ పనే.

"చెన్నై అంత చెడ్డదేం కాదు" అన్నాడు ముఖేష్. ఆ మాట తన స్వార్థం కోసం అన్నాడని అతనికే అర్థమైంది.

"ఆడ ఉప్పుగాలి ఉంటాది గానీ నా గుంట ఉండదు గదా" అంది రోజా.

ముఖేష్ యాక్సిలరేటర్ మీద కాలు గట్టిగా నొక్కాడు.

పావుతక్కువ పదికి గుంట దగ్గరికి చేరారు. గట్టు మీద చెంచయ్య నిలబడి ఉన్నాడు. ఇల్లంత బండిలోంచి కూతురు దిగడం చూశాడు. అయినా ముందు సంచుల వైపే తిరిగాడు.

ముఖేష్ సంచి విప్పబోతే రోజా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడే కాదు. సంచులు నీళ్ల మీద అరగంట తేలాల. లోపలి నీళ్లు, గుంట నీళ్లు ఒకే వేడికి రావాల. తొందరపడితే ఇంత దూరం తెచ్చిందీ దండగే."

అరగంట! ఒక సిగ్నల్ దగ్గర అర నిమిషం ఆగలేని మనిషి, మోకాలి లోతు నీళ్లలో, తేలే సంచులను పట్టుకుని అరగంట నిలబడ్డాడు. పక్కన ఆమె నిలబడింది. చెయ్యి పట్టుకున్న సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఇంకో అరగంట ఉన్నా బాగుండేదని మాత్రం ముఖేష్‌కి అనిపించింది.

పిల్లలను వదిలాక రోజా ఒక వంద లెక్కపెట్టి, నాలుగు కర్రలకు కట్టిన చిన్న వలతొట్టిలో వేసింది. ఎల్లుండి ఉదయం అందులో ఎన్ని బతికుంటే గుంటలోనూ అదే లెక్క. ఎనభై దాటితే పంట నిలిచినట్టు. తగ్గితే నాయన మాటే చెల్లుతుంది.

వెళ్లేటప్పుడు ఆమె నంబరు ఇచ్చింది. "మళ్లీ ఈ పక్క వస్తే దారి కోసం" అంది.

"దారి కోసమే" అన్నాడు ముఖేష్.

ఆ రెండు రోజులూ కావలి ఒడ్డున మేడమ్ దంపతులు అలలు చూశారు. ముఖేష్ ఫోను చూశాడు. ఆగలేక మెసేజ్ పెట్టాడు: 'కోట రోడ్డులో ట్రాఫిక్ ఎట్టుంది?'

'మీరుండేది కావలిలో గదా?'

'ఊరికే. నాలెడ్జి కోసం.'

'వడ్లు ఎత్తేసినారు. దారి ఖాళీగా ఉంది' అని వచ్చింది. కాసేపటికి ఇంకోటి: 'నాకు భయంగా ఉంది.'

మూడో రోజు తెల్లవారకముందే బండి తీశాడు. హైవే మొత్తం ఖాళీ. మ్యాపు నిండా పచ్చగీతే. గూడూరు దాటాక సగం నిద్రలో ఉన్న మాథ్యూ గారు కిటికీలోంచి చూసి, "ఏమయ్యా, ఇంత చక్కటి రోడ్డు వదిలేసి మళ్లీ పల్లెల్లోకి దిగావేం?" అన్నారు.

"గమ్మునుండండి" అన్నారు క్యాథరిన్ మేడమ్. "నలభై ఏళ్లు కాపురం చేసి కూడా ఇంత మాత్రం అర్థం కాదా మీకు?"

గుంట గట్టు మీద రోజా తెల్ల బేసిన్ ముందు పెట్టుకుని కూర్చుని ఉంది, పక్కన చెంచయ్య నిలబడి ఉన్నాడు. వలతొట్టి ఎత్తి పిల్లలను బేసిన్‌లోకి దించింది గానీ, చెంచా ఇంకా నీళ్లలో ముంచలేదు. ముఖేష్‌ని చూడగానే చెంచా అతని చేతికిచ్చేసింది.

"నా వల్ల కావడంలా. మీరు లెక్కపెట్టండి."

ఒక్కొక్కటే తీసి పక్క గిన్నెలో వేస్తూ పైకి లెక్కపెట్టాడు. యాభై. అరవై. అరవై ఎనిమిది... డెబ్బై ఒకటి.

బేసిన్ ఖాళీ అయింది.

చెంచయ్య మొహం తిప్పుకున్నాడు. "ఇంక లెయ్యమ్మా" అన్నాడు మెల్లగా. రోజా లేవలేదు. ఏడవలేదు కూడా. ఆ ఖాళీ బేసిన్ వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఒక్క నిమిషం" అన్నాడు. పులికాట్ ఒడ్డున వలలు కుట్టే ఇంట్లో పెరిగినవాడు. వలలో పడిందంతా ఒక్క దులుపుకే రాదని, కుట్టు మడతల్లో ఎప్పుడూ కొంత దాక్కుంటుందని అతని చేతులకు తెలుసు. వలతొట్టిని తిరగేసి, నాలుగు మూలల మడతలూ వేళ్లతో విప్పి, బేసిన్ నీళ్లలో నిదానంగా ఆడించాడు.

నీళ్లలో ఏదో చిటుక్కున కదిలింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఒక గుంపే!

"డెబ్బై రెండు" అన్నాడు ముఖేష్. "డెబ్బై మూడు..." ఎనభై దగ్గర రోజా కూడా గొంతు కలిపింది. ఎనభై ఐదు దగ్గర చెంచయ్య వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. తొంభై నాలుగు దగ్గర లెక్క ఆగింది.

"అమ్మయ్య!" అంది రోజా. రెండు రోజులుగా బిగబట్టుకున్నదంతా ఆ ఒక్క మాటలో బయటపడింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్న కొద్దీ వస్తున్నాయి. చెంచయ్య కూతురి తల మీద చెయ్యేసి, "గుంట ఎవరికీ ఇయ్యను. నువ్వు యాడికీ పోబళ్లా" అన్నాడు.

తర్వాత ముఖేష్ వైపు తిరిగాడు. "అబ్బాయ్, నువ్వు ఏం పని మీద వచ్చినావు?"

"అదే అన్నా... నేను..."

వెనక నుంచి క్యాథరిన్ మేడమ్ దగ్గారు. "ముఖేష్, ఆయన్ని అన్నా అంటే ఆ పిల్ల నీకు కూతురు వరసవుద్ది. కొంచెం చూసుకుని మాట్లాడు."

రోజా చప్పున తల వంచుకుంది. ముఖేష్ గొంతు సవరించుకున్నాడు.

"మామా" అన్నాడు. "మీ అమ్మాయిని చూసేదానికే వచ్చినా. రొయ్యలు ముఖ్యమే, కాదన్ను. లెక్క తగ్గినా ఇదే మాట చెప్పేవాణ్ణి. అప్పుడైతే ఇంకా తొందరగా చెప్పేవాణ్ణి."

చెంచయ్య కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా?"

"రెండు రాత్రులు నిద్రలేదు నాయనా" అంది రోజా తల ఎత్తకుండానే. "సగం గుంట వల్ల."

"మిగతా సగం?"

ఆమె ముఖేష్ వైపు చూసింది. ఆ చూపుకు ముఖేష్ చేతిలోని చెంచా జారి నీళ్లలో పడింది.

చెంచయ్య పైకి లేచి పంచె దులుపుకున్నాడు. "ఇంట్లో పెద్దోళ్లుండారా?"

"ఉండారు మామా. అమ్మ, నాయన, అవ్వ, ఇద్దరు చిన్నాయనలు."

చెంచయ్య గట్టు మీద నిలబడిన కారవాన్‌ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకసారి పరికించాడు.

"ఈ బండిలోనే తీసకరా" అన్నాడు. "అందరూ పడతారు."