ప్రయోగం దొరకని మాట

పిల్లల నిఘంటువుకు మేం మాటకో కార్డు రాస్తున్నాం. పైన అర్థం, కింద ప్రయోగం. ప్రయోగం ఎవరైనా అనగా విన్న వాక్యమే కావాలి, కల్పించకూడదు.

"మూడోసారి వెనక్కొచ్చింది మాస్టారూ," అంటూ ప్రూఫ్ రీడర్ నా కార్డు బల్ల మీద పడేసింది. చేరి వారం కాలేదు, అప్పుడే ఆఫీసంతా తనదే. "'ఓదార్చు: దుఃఖంలో ఉన్నవారికి ఊరట కలిగించు.' బాగుంది. కింద ఖాళీ ఏమిటి?"

"వినలేదు."

"అబ్బో! మీ ఇంట్లో అందరూ రాతిమనుషులేనా?"

"ఇద్దరమే. నాన్నా, నేనూ."

నవ్వబోయి ఆగింది. పక్క బల్ల పెద్దాయన ఆమెను వరండాలోకి పిలిచి, నా చెల్లి పోయి నలభై రోజులైందని చెప్పాడు. మెల్లగానే చెప్పాననుకున్నాడు. ఆయనకు చెవుడు. అందరికీ వినిపించింది.

ఆ నలభై రోజులూ నాన్న చెల్లి ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. మోటారు కట్టేశావా, గడియ పెట్టావా, ఇంతే మా మాటలు. ఇలాగే ఉంటే ఆ పిల్ల మా ఇంట్లో పుట్టనే లేదన్నట్టు అయిపోతుందని నా భయం.

సాయంత్రం వానలో ఆమె మా గుమ్మం ముందుంది, గొడుగుండీ సగం తడిసి.

"తెలీక అనేశానండీ."

"ఫర్వాలేదు. కూర్చోండి."

ధైర్యంగా ఉండమంటుందని ఎదురుచూశాను. అందరూ అదే అన్నారు. ఆమె అనలేదు. గొడుగు మూలకు ఆనించి అడిగింది:

"మీ చెల్లెలు మీతో పోట్లాడేదా?"

ఇన్నాళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న.

"రోజూ. తనకు ఎనిమిదేళ్ళప్పుడు నా సైకిల్ కాలవలో పడేసి, కుక్క అడ్డొచ్చిందంది."

ఆమె ఫక్కున నవ్వి, చప్పున నోరు మూసుకుంది.

లోపల మంచం కిర్రుమంది. నాన్న తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎనిమిది కాదురా, ఏడు. కుక్కా లేదు, నక్కా లేదు. బ్రేకు చెడగొట్టింది నువ్వు. నిన్ను కొట్టనని ఒట్టు వేయించుకుని మరీ నాకు చెప్పింది పిచ్చితల్లి."

చివరి మాట అంటూనే ఆయన తలుపుకు తల ఆనించాడు. లేచి వెళ్ళి పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. ఆమె కదలకుండా కూర్చుంది.

తర్వాత నాన్న ఆగలేదు. వాన వెలిసేదాకా చెల్లి గురించే.

ఆమె లేచింది.

"ఇంకా చాలా ఉన్నాయమ్మా. రేపు వస్తావా?" అన్నాడు నాన్న.

"మాస్టారేమంటారో."

"రండి. రేపే కాదు..." అన్నాను. మిగతాది నోట రాలేదు.

"వాడంతే. సగమే చెబుతాడు. మిగతాది నువ్వే అర్థం చేసుకోవాలి," అన్నాడు నాన్న ఆమెతో.

ఆమె చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, తలెత్తకుండానే అంది:

"అలాగే మావయ్యగారూ."