లైసెన్సు మందు

జొన్నచేను చీల్చుకుంటూ పరుగెడుతోంది లూదియా.

చంకలో కొయ్యపెట్టె.

వెనక టార్చిలైట్లు... దగ్గరవుతున్నాయి!

జొన్నాకులు మొహాన్ని కోస్తున్నాయి. ఒక కాలి చెప్పు ఎప్పుడో ఊడిపోయింది. పెట్టెను మాత్రం వదల్లేదు. అది కింద పడకూడదు. రాయికి కొట్టుకోకూడదు. నిప్పు దాని దగ్గరికి రాకూడదు.

అందులో ఉన్నది తుపాకిమందు.

అడవిపందుల కోసం ఉంచుకున్న మందు. ఆళ్లగడ్డ పక్కన, నల్లమల అంచున ఆమె చేను. పంట కాపలాకని నాయన యోబు కాలం నుంచీ నాటుతుపాకికి లైసెన్సు ఉంది. నాయన పోయాక అది లూదియా పేరు మీదికి మారింది. ఎలక్షన్లు వచ్చాయని తుపాకిని స్టేషన్లో అప్పజెప్పింది. మందు ఇంట్లోనే మిగిలింది.

ఇంట్లో అంటే ఇంట్లో కాదు. దొడ్డి చివర, విడిగా కట్టిన చిన్న గదిలో.

మందును ఎట్లా ఉంచాలో నేర్పింది నాయనే. పొయ్యికి దూరం. ఎండకు దూరం. ఇనుము తగలని కొయ్యపెట్టె, దానికి ఇత్తడి బందులు. గదికి తాళం. తాళంచెవి ఎప్పుడూ తన కొంగునే. లైసెన్సులో రాసినదానికి మించి చిటికెడు కూడా వద్దు.

ఎందుకంత జాగ్రత్త అని ఆయన్ని ఎవరూ అడగలేదు. కుడిచేతికి రెండు వేళ్లే మిగిలి ఉండేవి. నాయన చిన్నప్పుడు ఎవరో తెలిసినాయన వీళ్లింటి అటక మీద మందు దాచిపెట్టి పోయాడు. కింద పొయ్యి. అంతే.

ఆ మందు కావాలని మొన్న ప్రవీణ్ వచ్చాడు. ఎలక్షన్లో నిలబడిన నాయకుడి మనిషి. కూర్చుని, మంచినీళ్లు తాగి, మర్యాదగానే అడిగాడు. పోలింగు రోజుకు ఏదో పని ఉందన్నాడు. ఆ పని ఏమిటో ఆళ్లగడ్డలో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

"పందుల కోసమని గవర్నమెంటు ఇచ్చిన మందప్పా ఇది. మనుషుల మీదికి ఇయ్యను" అంది లూదియా.

ప్రవీణ్ నవ్వి లేచిపోయాడు.

ఈ రాత్రి నవ్వకుండా వచ్చాడు. మనుషులతో వచ్చాడు. మొగుడు యాకోబు మిరపకాయల లారీ ఎక్కి గుంటూరు పోయాడని తెలుసుకునే వచ్చాడు. వాళ్లు ముందు తలుపు బాదుతుంటే, లూదియా వెనక తలుపు తీసింది. గది తెరిచింది. పెట్టె ఎత్తుకుంది.

అప్పటి నుంచి పరుగే!

చేను అయిపోయింది... గట్టు... తారురోడ్డు!

రోడ్డు మీద హెడ్‌లైట్లు. చెయ్యెత్తింది. బండి కీచుమని ఆగింది.

పోలీసు జీపు!

స్టీరింగు ముందు గురుస్వామి. కానిస్టేబుల్. ఆమె తుపాకిని స్టేషన్లో జమ చేసుకున్నది ఇతనే. లూదియాకు ప్రాణం లేచివచ్చింది. ఎక్కి కూర్చుని, రొప్పుతూనే జరిగింది చెప్పింది. అతను తలూపుతూ విన్నాడు. భయం లేదన్నాడు. పెట్టె ఒళ్లో ఎందుకు, వెనక పెట్టమన్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది.

గుప్పుమంది గంధకం వాసన.

వెనకంతా డబ్బాలు. పెయింటు డబ్బాలు, నూనె డబ్బాలు, పాలపొడి డబ్బాలు. అన్నీ ఇనపరేకు డబ్బాలే! వాటి మధ్యలో జాకీ, స్పానర్లు. ఒక డబ్బాకు మూత కూడా సరిగ్గా లేదు. ఇనప ఫ్లోరు మీద నల్లటి పొడి ఒలికి ఉంది.

పాలపొడి డబ్బాను ఆమె గుర్తుపట్టింది. పక్క పల్లె రామయ్యది. ఆయనకూ లైసెన్సు ఉంది. ఎలక్షన్లయ్యేదాకా మందు కూడా జమ చేయాలని ఒక పోలీసాయన వచ్చి పట్టుకుపోయాడని సంతలో చెప్పాడు.

ఆ పోలీసాయన ఎవరో ఇప్పుడు తెలిసింది.

లూదియా తన పెట్టెను కాళ్ల దగ్గర, చీర మడత మీద పెట్టుకుంది. ఎదురుగా చూస్తూ కూర్చుంది.

కొంచెం దూరం పోయాక గురుస్వామి జీపు ఆపాడు. సిగ్నల్ లేదన్నాడు. ఇంజను ఆపకుండానే ఫోను పట్టుకుని దిగాడు. నాలుగడుగులు పక్కకు పోయాడు. గాలి ఇటే వీస్తోంది. మాట స్పష్టంగా వినపడింది.

"అన్నీ చేతికొచ్చినాయప్పా. ఆయమ్మ కూడా నా బండ్లోనే ఉండాది. బిరీన రా."

లూదియా డ్రైవరు సీట్లోకి జరిగింది.

పదారేళ్ల నుంచి ట్రాక్టరు తోలిన కాలు క్లచ్చును తొక్కింది.

గేరు పడింది!

గురుస్వామి కేక వినపడేసరికి జీపు మలుపు దాటింది.

ఆళ్లగడ్డ వైపు తిప్పలేదు. ఆ స్టేషను అతనిది. అక్కడ ఎవరు ఎవరి మనిషో ఆమెకు తెలియదు. నంద్యాలకు పోవాలి. పెద్దాఫీసు ముందు ఈ బండిని ఇట్లాగే నిలబెట్టాలి. డబ్బాలన్నీ దించి అందరికీ చూపించాలి.

అద్దంలో వెలుతురు... తెల్ల స్కార్పియో!

గురుస్వామిని ఎక్కించుకుని వస్తున్నాడు ప్రవీణ్.

లూదియా యాక్సిలరేటరు తొక్కింది. జీపు గుంతలో పడి ఎగిరింది. వెనక డబ్బాలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

ఠంగ్!

ఇనుముకు ఇనుము తగిలి ఒక్క రవ్వ లేస్తే చాలు. జీపు ఉండదు. తనూ ఉండదు. కాలు దానంతటదే పైకి లేచింది.

స్పీడు తగ్గింది. స్కార్పియో దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి...

గుద్దలేదు. కాల్చలేదు. అదే దూరంలో వెనకే వస్తోంది.

ఎందుకో ఆమెకు అర్థమైంది. జీపులో ఏముందో వాళ్లకూ తెలుసు!

పారిపోయేదీ మెల్లగానే. తరిమేవాళ్లూ మెల్లగానే. గుంత కనపడితే ఆమె దాదాపు ఆపేసి, దించి, ఎక్కిస్తోంది. వెనక వాళ్లూ అంతే. ఈ మందే తనకు కాపలా. ఇది ఉన్నంతసేపు తన మీదికి ఎవరూ రారు. ఇట్లాగే నంద్యాల పోవచ్చు!

వాగు వచ్చింది. చప్టా వచ్చింది.

చప్టాకు అవతల, రోడ్డుకు అడ్డంగా బస్సు.

అహోబిలం నుంచి తిరిగి పోతున్న యాత్రికుల బస్సు. టైరు పగిలినట్టుంది. జనమంతా దిగి రోడ్డు మీదే కూర్చున్నారు. ఎవరో తల్లి ఒళ్లో బిడ్డను పడుకోబెట్టుకుని విసురుతోంది. డ్రైవరు పక్కన ఒకాయన బీడీ ముట్టిస్తున్నాడు.

బీడీ!

లూదియా బ్రేకు తొక్కింది.

ముందుకు పోతే ఆ జనం మధ్యలోకి పోవాలి. ఆగితే ప్రవీణ్. మందు ఇట్లా పొడిగా ఉన్నంతవరకే తన ప్రాణానికి అడ్డం. కానీ ఆ అడ్డాన్ని తీసుకుపోయి పసిబిడ్డ పక్కన నిలబెట్టాలి.

అటకమీద మందు దాచిపోయినాయన కూడా తన ప్రాణం సంగతే చూసుకున్నాడు.

స్టీరింగు ఎడమకు తిప్పేసింది!

జీపు గట్టు దిగింది. రేగడిలో జారింది. వానలకు నిండుగా పారుతున్న వాగులోకి ముక్కు దించింది. నీళ్లు తలుపుల్లోంచి దూరాయి... ఫ్లోరు మునిగింది... సీట్లు మునిగాయి... ఇంజను గుర్రుమని ఆగిపోయింది. ఒక్క లైటు మాత్రం నీళ్లలోంచి మసగ్గా వెలుగుతోంది.

ఆమె వెనక్కి పాకింది. ఒక్కో మూత పీకింది. ఒక్కో డబ్బాను నీళ్లలో ముంచింది. బుడబుడమని నల్లటి బుడగలు. చివరికి తన కొయ్యపెట్టె. నాయన చేతులతో చేసిన పెట్టె. ఒక్క క్షణం పట్టుకుంది.

ముంచేసింది.

తడిసిన మందు బురదతో సమానం. డబ్బాలు ఎక్కడికీ పోవు, సాక్ష్యానికి ఉంటాయి. ఎవర్నీ చంపలేవు.

తననిప్పుడు కాపాడలేవు కూడా.

గట్టు మీద స్కార్పియో ఆగింది. ప్రవీణ్ దిగాడు. గురుస్వామి దిగాడు. ఇంకా ఇద్దరు దిగారు. ప్రవీణ్ చేతిలో పిస్టలు.

లూదియా నీళ్లలోకి దిగి, జీపుకూ గట్టుకూ మధ్య నిలబడింది. నడుము దాకా నీళ్లు. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. చూపు మాత్రం దించలేదు.

డబ్బాలు ఒక్కొక్కటే అందియ్యమన్నాడు ప్రవీణ్. ఇస్తే ఇంటికి పంపిస్తానన్నాడు. లేకుంటే యాకోబు లారీ ఏ దారిన వస్తుందో తనకు తెలుసన్నాడు.

"నీకు కావల్లంటే నువ్వే దిగి తీసుకో" అంది లూదియా. "నా చేత్తో ఇయ్యనని మొన్ననే చెప్పినా. ఈపొద్దు మాట మార్చుకోను."

అవతల బస్సు జనం లేచారు. వాగులో మునిగిన పోలీసు జీపు, నీళ్లలో ఆడమనిషి, గట్టు మీద మగవాళ్లు. ఒక్కో ఫోను లైటు వెలుగుతోంది. చప్టా మీదుగా నడిచి వస్తున్నారు. మొదట ఇద్దరు... తర్వాత పదిమంది... తర్వాత అందరూ!

ప్రవీణ్ అటు చూశాడు. ఇటు చూశాడు. పిస్టలు పట్టిన చెయ్యి పైకి లేచింది.

గురుస్వామి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. గొంతు కీచుగా వచ్చింది.

"వద్దప్పా, కాల్చద్దు. బండినిండా మందుండాది. అందరం పోతాం!"

ప్రవీణ్ చెయ్యి విదిలించుకున్నాడు.

ఢాం!

గుండు లూదియా చెవి పక్కగా దూసుకుపోయింది. జీపులో నీళ్ల మీద తేలుతున్న రేకు డబ్బాకు తగిలింది.

ఠంగ్!

గురుస్వామి నేలకు బోర్లా పడ్డాడు. మిగతా ఇద్దరూ పడ్డారు. చేసిన పని అప్పుడు తెలిసొచ్చి, ప్రవీణ్ కూడా పిస్టలు పారేసి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని బురదలో మొహం దాచుకున్నాడు.

పేలుతుందని చూస్తున్నారు.

ఏదీ పేలలేదు.

వాళ్లు తలలెత్తేసరికి చుట్టూ జనం కాళ్లు. ఫోను లైట్లు. బస్సు డ్రైవరు చేతిలో ప్రవీణ్ పిస్టలు.

వాగులో లూదియా నిలబడే ఉంది.