ఒకటీ ఇరవైకి ఆగిన ఫ్రిజ్

మంగళవారం పొద్దున్నే సుజన ఫలక్‌నుమా స్టేషను పక్కనున్న డిటెక్టివ్ డానియేలు ఆఫీసుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. మొఘల్‌పురాలో పిల్లల టీకాలు సరఫరా చేసే ఒక ఆఫీసులో ఆమె స్టోరు చూస్తుంది. నిన్న సాయంత్రం ఐదింటికి చూస్తే టీకాల ఫ్రిజ్ ప్లగ్ ఊడి ఉంది. మందంతా పాడైంది. తప్పు సుజనదేనని మేనేజరు అంజన్ తేల్చేశాడు. ఇవాళ మధ్యాహ్నం యజమానురాలు ఇంద్రజ వస్తుంది, వచ్చి ఉద్యోగంలోంచి తీసేస్తుంది.

"నేను పీకలే సార్. గీ మచ్చ పడితె నన్ను ఇంకెవ్వరు పనిల పెట్టుకోరు," అంది.

డానియేలు తన సహాయకురాలు స్రవ్యను వెంటబెట్టుకుని బయలుదేరాడు. అక్కడ జరిగింది మరీ విడ్డూరం. పదకొండింటికి ప్లగ్ పీకింది తానేనన్నాడు డ్రైవరు ఎల్లేష్. కాదు, నాలుగింటికి తానే పీకానంది కంప్యూటరు దగ్గర కూర్చునే వీణ. అటెండరు మొగులయ్య అయితే టైము ఊసే ఎత్తకుండా, తీసేస్తే తననే తీసెయ్యమన్నాడు. స్రవ్యకు మతిపోయింది.

ఫ్రిజ్‌లో వేడిని నమోదు చేసే చిన్న యంత్రం ఉంది. దానికి ఎవరి మీదా ప్రేమ లేదు కదా! కరెంటు పోయింది ఒకటీ ఇరవైకని అది చెప్పింది. ఆ వేళకు సుజనా ఆ ముగ్గురూ మేడమీద అన్నం డబ్బాలు విప్పుకుని పంచుకు తింటున్నారు. నీళ్ల సీసా కోసం మధ్యలో కిందికి వచ్చింది సుజన ఒక్కతే. ఆ మాట చెప్పింది కూడా ఆమే, పిచ్చిపిల్ల.

డానియేలు గోడలకున్న సాకెట్లన్నీ చూసుకుంటూ తిరిగాడు. వంటగదిలోది నల్లగా మాడిపోయి ఉంది. అది శనివారం కాలిందనీ, మేనేజరుకు మూడుసార్లు చెప్పినా చెవిన పెట్టలేదనీ, అప్పట్నుంచి చాయ్‌కి కింది హోటలుకే పోతున్నామనీ ఎల్లేష్ గొణిగాడు.

తర్వాత అంజన్ గదికి వెళ్లారు.

"నిన్న ఒకటీ ఇరవైకి మీరు ఏడున్నరు?" అని అడిగాడు డానియేలు.

"ఈడనే. తిన్నంక చాయ్ పెట్టుకొని తాగిన. బయటి చాయ్ నాకు పడదు, నా కెటిల్ నాకుంది."

పైగా ఓ సలహా కూడా పారేశాడు. ముగ్గురూ అబద్ధమాడి ఆ పిల్లను కాపాడుతున్నారట, అంతకంటే రుజువేం కావాలట!

మధ్యాహ్నం ఇంద్రజ రాగానే డానియేలు అందరినీ ఫ్రిజ్ ముందు నిలబెట్టాడు.

"ముందుగాల మీ ముగ్గురికి చెప్త. మీ ప్రేమ మంచిదే, గని మీరు అబద్ధమాడేసరికి ఈమెనే తప్పు చేసినట్టు కనబడ్డది."

స్రవ్య అంజన్ గదిలోంచి కెటిల్ తెచ్చింది. డానియేలు దాని ప్లగ్ ఎత్తి చూపించాడు.

"దీనికి లావు పిన్నులు. గిసొంటి ప్లగ్ పట్టే సాకెట్లు ఈ ఆఫీసుల రెండే ఉన్నయ్. వంటగదిది శనివారమే కాలిపోయింది. రెండోది ఈ ఫ్రిజ్‌ది. మరి సోమవారం మీ చాయ్ ఏడ మరిగింది, అంజన్ గారూ?"

అంజన్ ఒప్పుకోక తప్పలేదు. కెటిల్ తీశాక ఫ్రిజ్ ప్లగ్ పెడదామనే అనుకున్నాడట, ఇంతలో ఫోనొచ్చి మరిచిపోయాడట.

డానియేలుకు ఒళ్లు మండింది. "మరిచిపోతె మరిచిపోయినవ్. తెలిసి తెలిసి ఈ పిల్ల మీదికి తోస్తవా?"

ఇంద్రజ సుజన వైపు తిరిగి, రేపట్నుంచి మామూలుగా పనిలోకి రమ్మంది. సుజన కళ్లు తుడుచుకుంది.

"ఈ ముగ్గురున్నరని వస్త, మేడం. మల్ల ఈ అంజన్ సారే మేనేజరంటె మాత్రం రాను."

తానూ రానన్నాడు మొగులయ్య. వీణ, ఎల్లేష్ అతని పక్కకు వచ్చి నిలబడ్డారు.

ఇంద్రజ అంజన్ ముందు చెయ్యి చాపి ఆఫీసు తాళాలు ఇమ్మంది.