దాటునొప్పి

చింతపండులో గింజలు తీస్తుండగా పైడితల్లి కుడి మోకాలు మళ్ళీ సలిపింది. ఆ మోకాలు తనది కాదు. పొద్దున్న నుంచీ అది ఒక ముసలావిడది. కూతురి కాన్పు చూడటానికి దేశం దాటి వెళ్ళిన మనిషి అక్కడ మెట్ల మీద జారిపడింది. పైడి గింజను నొక్కి చాటలోకి జారుస్తూ ఆ నొప్పిని లోపలే తడిమి చూసింది. పచ్చిగా ఉంది, అంచులు అరగలేదు.

"యాత్రికురాలి మాట ధ్రువమేనా?" గోడకు బిగించిన సాక్ష్యపు పెట్టె అడిగింది.

"ధ్రువం. దాటునొప్పే."

అక్కడెక్కడో ఆవిడ కాలికి కట్టు పడింది. ఇక్కడ మణికట్టు మీద, ఆ నొప్పిని మోసుకొచ్చిన జతపట్టీ వదులై, మోకాలు తిరిగి పైడిదైంది.

పరాయి దేశంలో వైద్యం ఖర్చు భరించే యాత్రాకవచం సరిహద్దు దాటాక పుట్టిన నొప్పికే పనిచేస్తుంది. ఇంటినొప్పిని మోసుకుపోయి పరాయి దేశంలో వైద్యం చేయించుకుంటానంటే కుదరదు. గాయం ఎంతో యంత్రాలు కొలుస్తాయి. నొప్పి వయసు మాత్రం మరో ఒంటికే తెలుస్తుందని వేదనాసాక్షులను పెట్టారు. యాత్రికుడు తన నొప్పి గురించి ఒక మాట చెబుతాడు. ఆ నొప్పిని కాసేపు మోసి, మాట నిజమో కాదో సాక్షి చెప్పాలి. కాదంటే యాత్రికుడు అబద్ధమాడినట్టే, కవచం అక్కడికక్కడే తెగిపోతుంది. తొలి రోజుల్లో పైడి రాత్రుళ్ళు ఏడ్చేది. ఇప్పుడు ఏడవటానికి కూడా ఓపిక ఉండటం లేదు. పొద్దు వాలేసరికి నడుము నొప్పి తనదో, ఎవరైనా వదిలిపెట్టి పోయినదో తేల్చుకోలేక అలాగే పడుకుంటుంది.

అత్త రావులమ్మ గుమ్మం పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఇయాల ఎవుల నడుము మోస్తన్నావే?"

"నడుము కాదత్తా, మోకాలు. మెట్ల మీద పడిందట."

"నా మోకాలికి సాచ్చికం సెప్పినోలు నేరు గదా."

"నువ్వూ దేశం దాటెల్లి పడు. నాను సెప్తాను."

రావులమ్మ బోసినోటితో నవ్వి, ఒక గింజ తీసుకుని కోడలి మీదకు విసిరింది. అంతలో పట్టీ బిగుసుకుంది. ఆమె నవ్వు ఆపేసి నోటి మీద వేలు వేసుకుంది. పట్టీ బిగుసుకుని ఉన్నంతసేపూ ఆ ఇంట్లో ఎవరూ సాక్షిని పలకరించరు. పక్క వీధిలో ఒక సాక్షిని మొగుడు అన్నం పెట్టమంటావా అని అడిగితే ఆమె ఊహూఁ అంది. ఆ ఊహూఁ ని పెట్టె కాదనటంగా తీసుకుంది. ఎవరి కవచం తెగిందో ఆ దంపతులకు ఇప్పటికీ తెలియదు.

ఈసారి నొప్పి గుండె దగ్గర మొదలైంది. యాత్రికుడి పేరు అప్పలసూరి అని పెట్టె చెప్పింది. తప్పెటగుళ్ళ బృందంతో కలిసి చలిదేశంలో ఉత్సవానికి వెళ్ళాడు. ఆటలో ఉండగానే కూలబడ్డాడట. ఆస్పత్రిలో చేర్చుకుని మందు ఎక్కించటం మొదలుపెట్టారు. సాక్షి మాట పడేదాకా వైద్యం ఆపకూడదన్నది అక్కడా ఇక్కడా ఒకటే నిబంధన.

పైడి కళ్ళు మూసుకుంది. పైన ఒక నొప్పి ఉంది. పాతది, మొద్దుబారినది. ఏళ్ళ తరబడి రొమ్ముకు తప్పెట కట్టుకుని వాయిస్తే ఎముకల్లో స్థిరపడిపోయింది. దాని కింద వేరొకటి ఉంది. ఎవరో లోపల కూర్చుని గుడ్డ పిండుతున్నట్టుగా ఉంది. అది ఎడమ చేతిలోకి జారింది, దవడలోకి ఎక్కింది. ఆమె చేతిలోని చింతపండు చాటలో పడిపోయింది. ఇది దాటునొప్పి. ఇంతకన్నా కొత్త నొప్పిని ఆమె ఎన్నడూ మొయ్యలేదు.

పెట్టె యాత్రికుడి మాట వినిపించింది. డాక్టరు అడిగిన దానికి ఆ పెద్దాయన ఆయాసపడుతూనే జవాబిచ్చాడు.

"అబ్బే, ఏటీ నేదు బాబూ. తప్పెట కట్టుకునే రొమ్ము గదా, ఎప్పుడూ ఉన్నదే. మీకే శ్రమ."

ఆయన అబద్ధం ఆడలేదు. డాక్టరు ఎదుట కూర్చుంటే పైడి తండ్రీ అలాగే అనేవాడు. అడిగినవాళ్ళను కంగారు పెట్టకూడదని, ఎంత నొప్పినైనా ఎప్పుడూ ఉన్నదేనని తీసిపారేస్తారు. అది మర్యాద. ఆ మర్యాద సంగతి చలిదేశపు డాక్టరుకు తెలియదు, పెట్టెకు అసలే తెలియదు. మాట మార్చుకునే వీలు యాత్రికులకు ఎప్పుడో తీసేశారు.

"యాత్రికుడి మాట ధ్రువమేనా?"

ధ్రువమంటే ఇంటినొప్పి అవుతుంది, మందు ఆపేస్తారు. కాదంటే ఆయన అబద్ధమాడినట్టవుతుంది, అప్పుడూ ఆపేస్తారు. మూడో జవాబు పెట్టెకు నేర్పలేదు. పైడి పెదవులు బిగించింది. పెట్టె మళ్ళీ అడిగింది. ఆమె చెమటతో తడిసిపోతూ గోడకు ఆనుకుంది.

"సాక్షి అశక్తురాలైనట్టుంది. పట్టీని మరో సాక్షికి మారుస్తున్నాం. పెట్టె ఎదుట చెయ్యి ఉంచండి."

మరో సాక్షి ఈ మాటే విని, అలవాటుగా ధ్రువం అనేస్తుంది. ఆమె కూడా అలసిపోయే ఉంటుంది.

పట్టీ మారాలంటే చెయ్యి పెట్టె ఎదుట ఉండాలి. ఉండకపోతే మారదు. మారనంతసేపూ సాక్షి పైడే. సాక్షి మాట పడనంతసేపూ మందు ఎక్కుతూనే ఉంటుంది.

ఆమె గోడ పట్టుకుని లేచింది. పనివేళలో గడప దాటిన సాక్షికి కొలువుతో వచ్చిన ఈ ఇల్లు ఉండదు, అత్త మోకాలికి వచ్చే మందూ ఉండదు. ఆ సంగతి రావులమ్మకు తెలుసు. కోడలి ముఖంలోకి చూసింది, ఎడమ చేతిని ఒత్తుకుంటున్న తీరు చూసింది. చాపిన కాళ్ళు మెల్లగా దగ్గరకు తీసుకుని గుమ్మానికి దారి ఇచ్చింది. నోటి మీద వేలు తీయలేదు.

"యాత్రికుడి మాట ధ్రువమేనా?" వెనక నుంచి పెట్టె అడిగింది.

పైడి చెప్పులు వేసుకుంది. ఒక చెయ్యి రొమ్ము మీద ఉంచుకుని, ఒక్క మాటైనా అనకుండా గడప దాటి ఎండలోకి నడిచింది. వీధి మలుపు తిరిగినా పట్టీ వదులవలేదు, నొప్పి వస్తూనే ఉంది. రావాలనే ఆమె నడుస్తోంది.